గొలుసు జారితే ఆట ముగిసినట్లే!

సూరత్ నగరంలో రింగ్ రోడ్డు మీద ఒక్క క్షణం నిలబడి చూడండి. బట్టల మార్కెట్ల ముందు చీరల మూటలు గుట్టలుగా పడివుంటాయి. వాటి పక్కనుంచి సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు ఎడతెగక సాగిపోతుంటాయి. వాటి చక్రాలను తిప్పేది గొలుసు. హాన్స్ రెనాల్డ్ 1880లో మాంచెస్టర్‌లో పేటెంటు పొందిన రోలరు గొలుసు నేటికీ ఇంచుమించు అదే రూపంలో ఉన్నది.

ఆ రోడ్డు మీదుగా అఠ్వా గేటు చేరి, డుమస్ దిక్కుగా వెళితే సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కనిపిస్తుంది. ఇక్కడి విద్యార్థులు రోబోకాన్ పోటీలలో పాల్గొన్నవారు. 2002లో ప్రారంభమైన ఈ అంతర్జాతీయ పోటీలో ఒక ఆటకు గడువు సాధారణంగా మూడు నిమిషాలు. నెలల తరబడి పడిన శ్రమ ఆ మూడు నిమిషాలలోనే తేలిపోవాలి. చక్రాలను గొలుసుతో నడిపే రోబో ఏదైనా సరే, నడుమ గొలుసు జారిందంటే ఆట ముగిసినట్లే!

గొలుసు తెగుతుందేమోనని భయపడి మరింత లావుపాటిది తగిలించడం కొత్తవారు చేసే పొరపాటు. నిజానికి అది తెగేకంటే పళ్ళ మీదనుంచి జారేదే ఎక్కువ. దోషం చాలాసార్లు గొలుసుది కాదు, దానిని మోసే చక్రాలది. రెండు పళ్ళచక్రాలూ ఒకే వరుసలో ఉండాలి, ఇరుసులు వంగరాదు. బరువు పడినప్పుడు చట్రం ఏమాత్రం మెలితిరిగినా ఆ వరుస చెడుతుంది. కనుక ముందు గట్టిపరచవలసింది చట్రాన్ని.

చిన్న చక్రానికి పళ్ళు మరీ తక్కువ ఉండరాదు. తొమ్మిది పళ్ళ చక్రం సమంగా తిరుగుతున్నా గొలుసు వేగం ప్రతి పంటికీ సుమారు 6 శాతం హెచ్చుతగ్గులవుతుంది. 17 పళ్ళుంటే ఆ కుదుపు 2 శాతం లోపే. బిగువు కూడ మితంగా ఉండాలి. ఇరుసుల నడుమ దూరం 500 మిల్లీమీటర్లయితే, గొలుసు మధ్యభాగం సుమారు 10 మిల్లీమీటర్లు కదలాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి. వదిలితే పళ్ళు దాటుతుంది.

గొలుసు సాగిందని అంటాము. సాగేది ఇనుము కాదు; లోపలి పిన్నులు, బుష్‌లు అరగడమే ఆ సాగుడు. నూరు లింకుల గొలుసులో ఒక్క శాతం అరుగుదల ఒక లింకు పొడవుకు సమానం! అందుకే ఇరుసును జరిపి బిగించే ఏర్పాటు మొదటినుంచే ఉండాలి. గొలుసును కలిపే క్లిప్పు మూసిన కొన గొలుసు నడిచే దిక్కుకు ఉండాలి. తిరగబడితే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు.

ఇంత జాగ్రత్త పడినా ప్రమాదం రావచ్చు. అందుకే ఆరు చక్రాల రోబోలో నడిమి చక్రాలను మోటారు పెట్టెకే నేరుగా కలిపి, ముందు వెనుకల చక్రాలకు మాత్రం గొలుసులు వేయడం మేలు. ఒక గొలుసు పోయినా బండి ఆగదు.

తెలంగాణ నుండి వలసవచ్చి సూరత్ మరమగ్గాల మీద బతికిన మన నేతపనివారికి ఈ సంగతి వింత కాదు. బట్టను చుట్టే చక్రంలో ఒక్క పన్ను అరిగితే గుడ్డ మీద అడ్డచార పడుతుందని వారెరుగుదురు. యంత్రం పెద్దదైనా చిన్నదైనా, దాని నమ్మకం కంటికానని ఆ ఒక్క పంటిలోనే ఉన్నది.