టు-లెట్ బోర్డు వెనకాల ఓ కాపురం

అమీర్‌పేటలో మెట్రో దిగి సందుల్లోకి నడిస్తే కోచింగ్ బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. జావా, పైథాన్, డేటా సైన్స్... ఒకసారి తలెత్తి పై అంతస్తులు కూడా చూడండి. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులు ఆన్‌లైన్‌కి వెళ్లాక మూతపడ్డ గదులు కొన్ని అలాగే ఉండిపోయాయి. అద్దాల మీద దుమ్ము, రంగు వెలిసిన టు-లెట్ ఫ్లెక్సీ, షట్టర్‌కి పెద్ద తాళం. ఇలాంటి బిల్డింగుల్ని రాత్రిళ్లు ఎవరు కాస్తారు, ఎలా కాస్తారు అని తెలుసుకుందామని ఈమధ్య కొన్నిచోట్లకి వెళ్లాను.

ఖాళీ బిల్డింగ్‌లో ఎత్తుకుపోవడానికి ఏముంటుంది అనుకుంటాం కదా. రాగి ఉంటుంది బాస్! ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల పైపులు, గోడల్లోని కరెంటు వైర్లు, ఎర్తింగ్ పట్టీలు, లిఫ్ట్ కేబుళ్లు. అవి కాక జనరేటర్ బ్యాటరీలు, బాత్రూముల్లో ఇత్తడి కుళాయిలు. పాతసామాన్ల దుకాణంలో దొంగ చేతికొచ్చేది వేలల్లో ఉంటే, మళ్లీ వైరింగ్ చేయించడానికి ఓనర్‌కి లక్షలు కావాలి. ఇంకో తంటా ఏంటంటే, వైరు మీది ప్లాస్టిక్ తొడుగు ఒలిచే ఓపిక లేక అక్కడే మంటపెట్టి కాల్చేస్తారు. పక్కనే పాత ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు ఉంటే ఇక చెప్పేదేముంది.

దొంగ రాకపోయినా నీళ్లు వస్తాయి. మేడ మీద ఎండుటాకులు, తెగిన గాలిపటాలు చేరి నీళ్ల గొట్టం మూసుకుపోతుంది. ఒక్క వానాకాలం చాలు, స్లాబ్ చెమ్మెక్కుతుంది, సెల్లార్ చెరువవుతుంది, దోమలు ముసురుకుంటాయి.

కెమెరా పెడితే సరిపోదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఖర్చెందుకని కరెంటు కనెక్షన్ తీయిస్తే మామూలు కెమెరా గుడ్డిదవుతుంది. రికార్డయ్యే డీవీఆర్ పెట్టె రిసెప్షన్‌లోనే ఉంటే దొంగ దాన్నీ సంకలో పెట్టుకుని పోతాడు. ఇప్పుడు సోలార్‌తో, సిమ్‌కార్డుతో నడిచే కెమెరాలొచ్చాయి. ఏది కదిలినా ఫోన్‌కి అలర్ట్ పంపుతాయి. బాగానే ఉంది. కానీ ఓనర్ డాలస్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు. ఇక్కడ పిల్లి దూకినా, పావురం ఎగిరినా అక్కడ ఫోన్ మోగుతుంది. పది రోజులు చూసి నోటిఫికేషన్లు ఆపేస్తాడు. అలర్ట్ వచ్చాక లేచి వెళ్లి చూసే మనిషి ఒకడు ఉండాలి కదా.

అలాంటి మనిషి ఒకాయన్ని ఐదంతస్తుల ఖాళీ బిల్డింగ్‌లో కలిశాను. పాలమూరు వైపు నుంచి వచ్చాడు. భార్య, ఇద్దరు పిల్లలు. సెల్లార్ పక్కన ఒకప్పుడు జనరేటర్ ఉన్న గదిలో కాపురం. అడ్రస్ ప్రూఫ్ అడగరు కాబట్టి 5 కిలోల చిన్న సిలిండర్ మీద వంట.

రాత్రి పది దాటాక ఆయన వెనకాల నేనూ మెట్లెక్కాను. చేతిలో లాఠీ లేదు, టార్చ్ ఉంది. ముందు సంపు మూత తొక్కి చూశాడు. తర్వాత మీటర్ బోర్డు దగ్గర ఆగి ముక్కుతో గాలి పీల్చాడు, కాలిన వాసనేమైనా వస్తుందేమోనని. లిఫ్ట్ ఎప్పుడో తీసేశారు. మిగిలింది చీకటి గొయ్యి. ప్రతి అంతస్తులో ఆ తలుపుకి బైండింగ్ వైరు చుట్టి, అడ్డంగా పాత క్లాస్‌రూమ్ బెంచీ పెట్టాడు.

"మనోళ్ల పోరగాండ్లు ఉరుకుతుంటరు గద సార్" అన్నాడు.

మూడో అంతస్తులో లైటు వేశాడు. నిన్న నాలుగులో వేశాడట, రేపు రెండులో వేస్తాడట.

"ఎందుకన్నా?"

"రోజూ ఒక్కతాన్నే ఎలిగితే ఎవ్వలు లేరని ఎర్కైతది సార్. తాళం జూసి ఎవడు బయపడడు. లోపట మనుషులున్నరు అనుకుంటెనే పోతరు."

పొద్దున్నే ఆవిడ షట్టర్ ముందు కల్లాపి చల్లి ముగ్గేస్తుంది. రోడ్డు వైపు బాల్కనీలోనే బట్టలు ఆరేస్తుంది. బిల్డింగ్ అందం పాడవుతుందని బ్రోకర్‌కి కోపం. నేనైతే ఆ దండేన్ని తీయనివ్వను. ఆ బిల్డింగ్‌కున్న అలారం అదే.

విదేశాల్లో ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. నెదర్లాండ్స్‌లో ఖాళీ ఆఫీసుల్ని ఆక్రమించుకునే వాళ్లని ఆపడానికి, కంపెనీలే తక్కువ అద్దెకు మనుషుల్ని లోపల ఉంచుతాయి. దాన్ని 'యాంటీ-క్రాక్' అంటారు. బ్రిటన్‌లో 'ప్రాపర్టీ గార్డియన్లు' అని పేరు. అక్కడ వాళ్లు తక్కువైనా అద్దె కట్టి ఉంటారు. ఇక్కడ ఈ కుటుంబానికి చిన్న జీతం ఇస్తారు, గది ఉచితం. కానీ ఈ అడ్రస్‌లో ఉంటున్నారని ఒక్క కాగితం ముక్క ఇవ్వరు.

ఇదే నాకు కొరుకుడుపడని విషయం. ఆరేళ్లలో వీళ్లది ఐదో బిల్డింగ్. ఎక్కడా ఎక్కువ కాలం ఉండనివ్వకుండా మార్చేస్తారు. పెద్దపాప నాలుగో క్లాసుకే మూడు బడులు మారింది. ఓనర్‌ని కలిస్తే దాచకుండా చెప్పాడు. "ఎక్కువ రోజులు ఉండనిస్తే రేపు నాదే అంటారండీ. కబ్జా కేసులు ఎన్ని చూడలేదు! లెటరిస్తే చేతికి ఆధారం ఇచ్చినట్టే కదా."

ఆ భయం నిజమైనదే. కానీ తప్పు మనిషిని చూసి భయపడుతున్నాడు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ల గడువు ఉన్నమాట నిజం. అది ఓనర్‌కి ఎదురు నిలిచి, ఈ ఆస్తి నాది అని బాహాటంగా అనుభవించేవాడి సంగతి. ఓనర్ అనుమతితో ఉన్నవాడికి అది వర్తించదు. 2012లో మరియా మార్గరీడా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట సూటిగానే చెప్పింది. కేర్‌టేకర్‌గా, వాచ్‌మన్‌గా, పనివాడిగా ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా ఆ ఆస్తి మీద హక్కు పుట్టదని. అంటే, ఫలానా వ్యక్తిని ఫలానా తేదీ నుంచి వాచ్‌మన్‌గా పెట్టుకున్నాం, ఉండటానికి గది ఇచ్చాం అని రాసిచ్చిన కాగితం ఓనర్‌కే రక్ష. జీతం బ్యాంకులో వేస్తే ఇంకా గట్టి రుజువు. కాగితమే లేకపోతే రేపు గొడవొచ్చినప్పుడు ఇద్దరివీ నోటిమాటలే.

ఓనర్లు నిజంగా చూసుకోవాల్సిన కాగితం వేరే ఉంది. ఫైర్ ఇన్సూరెన్స్ పాలసీ. బిల్డింగ్ 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, కంపెనీకి చెప్పి ఒప్పించుకోకపోతే కవరేజీ ఆగిపోతుందనే షరతు మన దగ్గరి ఫైర్ పాలసీల్లో పాతకాలం నుంచీ ఉంది. ప్రీమియం కడుతున్నాం కదా అని ధీమాగా ఉంటే కుదరదు. మీ నాన్నకో బాబాయికో మూతపడ్డ షాపు ఉంటే ఇవాళే ఆ పేజీ తీసి చదవమనండి.

ఏజెన్సీ గార్డుని పెట్టుకుందామంటే దానికీ ఓ చట్టం ఉంది, 2005లో వచ్చింది. ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. కొత్త గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఇవ్వాలని 2006లో వచ్చిన మోడల్ రూల్స్ చెప్పాయి. లైసెన్సు చూపించమని అడగండి, తప్పేం లేదు.

రీల్స్ చేసేవాళ్లకో మాట. మూతపడ్డ థియేటర్‌లోనో మాల్‌లోనో అర్ధరాత్రి దూరి 'దెయ్యాల బిల్డింగ్' వీడియో తీస్తే వ్యూస్ వస్తాయి, సరే. ఆ చీకట్లో మిమ్మల్ని పట్టుకునేది దెయ్యం కాదు. మూత లేని సంపు, లిఫ్ట్ లేని లిఫ్ట్ గొయ్యి, దొంగలు సగం కోసి వదిలేసిన కరెంటు వైరు. బెంచీలు అడ్డం పెట్టే మనిషి ప్రతి బిల్డింగ్‌లోనూ ఉండడు. రోడ్డు మీద పోతూ తెరిచి ఉన్న సంపు గానీ, ఖాళీ బిల్డింగ్‌లో పొగ గానీ చూస్తే మాత్రం ఫోన్ తీసి ముందు 112కి కొట్టండి.

మొన్న ఫోన్ చేస్తే ఆయన కొత్త కబురు చెప్పాడు. సెల్లార్, గ్రౌండ్ ఫ్లోర్ అద్దెకు కావాలని ఎవరో వచ్చి చూసి వెళ్లారట. వైరింగ్ చెక్కుచెదరలేదు, గోడలకి చెమ్మ లేదు అని మెచ్చుకున్నారట. వాళ్లు దిగితే జనరేటర్ గది ఖాళీ చేయాలి. ఓనర్ ఇంకో ఖాళీ బిల్డింగ్ చూపిస్తానన్నాడు గానీ, ఎక్కడో చెప్పలేదు.

లెటర్ సంగతి అడిగాను. లాయర్‌తో మాట్లాడి ఇస్తానన్నాడట.

"బడులు జూన్ల తెరుస్తరు సార్, ఆలోపు ఇస్తడంటరా? ఇస్తె ఏ బిల్డింగ్ పేరు మీదిస్తడో" అన్నాడు. వెనకాల ఆవిడ ఎవరినో కేకేస్తోంది, మేడ తలుపు గడియ పెట్టారా లేదా అని.