మైత్రీబాగ్ నీళ్ళలో రెండు రంగులు

ఢిల్లీలో భిలాయి పేరెత్తితే ఉక్కు ఉత్పత్తి లెక్కలే వినబడతాయి. ఆ లెక్కలు విని విని, ఊరిని కళ్ళారా చూద్దామని మొన్న రైలెక్కాను. సెక్టర్ 6లో నాకు ఆతిథ్యమిచ్చినది శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, కర్మాగారంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన. నా పాత జెనిట్ కెమెరా చూసి, "రష్యావోళ్ళ సామాను రష్యావోళ్ళ ఊరికే వచ్చిందన్నమాట!" అని నవ్వారు.

ఆ మాటలో చరిత్ర ఉంది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందమే ఈ ఊరికి పునాది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ స్నేహానికి చిహ్నంగా 1972లో సరస్సుతో, జంతుశాలతో మైత్రీబాగ్ వెలసింది. 1991లో ఆ మిత్రదేశమే కనుమరుగైంది, తోట మిగిలింది.

మరునాటి ఉదయం నలుపు తెలుపు ఫిల్ము ఎక్కించి సరస్సు గట్టున నిలబడ్డాను. పెద్దాయన పక్కనే ఉండి, "చెరువైతే ఫొటోలో వత్తాది గానీ, మట్టి మోసినోళ్ళు ఎక్కడొత్తారు బాబూ?" అన్నారు. నేను బదులు చెప్పలేకపోయాను.

ఈ ప్రాంతంలో నీళ్ళంటే రాజకీయమే. సాగుకోసం బ్రిటిష్ పాలనలో కట్టిన తాందులా జలాశయం తరువాత కర్మాగారం దాహమూ తీర్చవలసివచ్చింది. వేసవి రాగానే పొలానికెంత, కొలిమికెంత అన్న ప్రశ్న లేస్తుంది. కార్మికుడినీ కర్షకుడినీ ఒకే జెండాకిందికి తెచ్చిన శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబరు 28న ఇక్కడే, నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆయన జెండాలో ఎరుపు కార్మికులది, ఆకుపచ్చ రైతులది.

ఊళ్ళో ఆ జెండానూ ఒక బొమ్మ తీశాను. ఢిల్లీకి వచ్చి ఫిల్ము కడిగి చూస్తే, ఎరుపూ ఆకుపచ్చా దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. కటకానికి ఎర్ర అద్దం బిగించి ఉంటే ఎరుపు వెలిగి, ఆకుపచ్చ నల్లబడేది. ఆకుపచ్చ అద్దమైతే అంతా తారుమారు. ఏ అద్దం బిగించాలో నిర్ణయించేది కెమెరా పట్టినవాడే. తాందులా నీళ్ళ పంపకంలో ఆ కెమెరా రైతు చేతిలోనూ లేదు, కార్మికుడి చేతిలోనూ లేదు.

సరస్సు బొమ్మ పెద్దాయనకు పంపాను. అందులో గట్టుమీద ఆయన కూడా ఉన్నారు.