14 చక్కెరలు, ఆపై ఈస్ట్ ఇష్టం

కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయించుకునేవారికి రక్తహీనత తగ్గడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అందులో ఉండేది 165 అమైనో ఆమ్లాల ప్రొటీన్. అణువు మొత్తం బరువులో ఆ ప్రొటీన్ వాటా దాదాపు 60 శాతమే. మిగతా 40 శాతం దానికి నాలుగు చోట్ల అతుక్కుని ఉండే చక్కెర గొలుసులది. గొలుసుల చివర సైయాలిక్ ఆమ్లం అనే చక్కెర ఉన్నంతసేపే మందు రక్తంలో తిరుగుతుంది. అది ఊడిపోయిందంటే కాలేయం పట్టేసుకుంటుంది. ఈ మందుకే మార్పులు చేయగా 2001లో వచ్చిన డార్బెపోయిటిన్‌లో పెద్ద గొలుసులు అతుక్కునే చోట్లను 3 నుంచి 5కు పెంచారు. దాంతో మందు రక్తంలో నిలిచే కాలం సుమారు మూడింతలైంది.

ఎరిత్రోపోయిటిన్‌ను చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెంచుతారు. ఆ కణాలు రెండింతలు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, మేపడం కూడా ఖర్చుతో కూడిన పనే. బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్ట్‌కైతే మంచి ఆహారం ఉంటే 90 నిమిషాలు చాలు. మరి ఈస్ట్‌తోనే చేయించవచ్చు కదా?

ఎందుకు కుదరదో తెలియాలంటే కణం లోపలికి వెళ్లాలి. చక్కెరలు ఒక్కొక్కటిగా వచ్చి ప్రొటీన్‌కు అంటుకోవు. ముందే అల్లిపెట్టుకున్న దండను మెడలో వేసినట్టు, 14 చక్కెరల గుత్తిని కణం ఒకేసారి తగిలిస్తుంది: 2 ఎన్-అసిటైల్ గ్లూకోజమిన్, 9 మానోజ్, 3 గ్లూకోజ్. ఎక్కడ తగిలించాలన్నదానికి గుర్తు ఉంది. ఆస్పరజిన్, దాని పక్కన ప్రోలిన్ తప్ప ఏదైనా ఒకటి, ఆ పక్కన సెరిన్ లేదా థ్రియోనిన్. తర్వాత 3 గ్లూకోజ్‌లు, 1 మానోజ్ తెగిపోయి 10 చక్కెరలు మిగులుతాయి. ఇంతవరకు మనిషి కణానిదీ ఈస్ట్‌దీ ఒకే దారి.

గాల్జీ అనే కణభాగంలో అడుగుపెట్టాక దారులు చీలతాయి. మన కణం 8 మానోజ్‌లను 3కు కత్తిరించి, వాటి మీద వేరే చక్కెరలు కట్టి, చివర సైయాలిక్ ఆమ్లం పెడుతుంది. ఈస్ట్ ఆ జోలికే పోదు. ఓసీహెచ్1 అనే ఎంజైమ్ ఇంకో మానోజ్ తగిలిస్తుంది, దాని మీద మరొకటి, ఇలా 50 నుంచి 200 దాకా. ఒక్కో మానోజ్ బరువు 162 డాల్టన్లు. పెద్ద గొలుసులుండే మూడు చోట్ల 50 చొప్పున వేసుకున్నా 24,300 డాల్టన్లు. ఎరిత్రోపోయిటిన్‌లో ప్రొటీన్ భాగం మాత్రం 18,000 డాల్టన్లే! పైగా మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలు మన రోగనిరోధక కణాల మీద ఉన్నాయి. ఇలాంటి మందు పనిచేసేలోపే మాయమవుతుంది. పిచియా పాస్టోరిస్ అనే మరో ఈస్ట్ కొంత నయం, చాలావరకు 20 మానోజ్‌ల లోపే ఆపుతుంది. అయినా అవి మానోజ్‌లే.

అందుకే తొలి విజయాలన్నీ చక్కెర అక్కర్లేని ప్రొటీన్లవి. 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్‌లో పైన చెప్పిన గుర్తే లేదు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ పిచియాతో హెపటైటిస్-బి టీకా, షాన్‌వ్యాక్-బి, తెచ్చింది. అందులోది వైరస్ ప్రొటీన్. రోగి రక్తంలో దొరికే ఆ ప్రొటీన్‌లో కొంతభాగానికి 146వ స్థానంలో చక్కెర ఉంటుంది, ఈస్ట్ చేసినదానికి ఉండదు. అయినా టీకా చక్కగా పనిచేసింది. దీన్ని తెలివి అనేకంటే అదృష్టం అనడమే న్యాయం.

తెలివి చూపించింది కోర్బెవ్యాక్స్. అమెరికాలోని హ్యూస్టన్ శాస్త్రవేత్తలు రూపొందించగా హైదరాబాద్ బయలాజికల్-ఇ తయారుచేసిన కోవిడ్ టీకా ఇది. కరోనా ముల్లు ప్రొటీన్‌లో 331 నుంచి 549 వరకు ఉన్న 219 అమైనో ఆమ్లాల ముక్కను తీసుకున్నారు. 331వ ఆస్పరజిన్ దగ్గర పిచియా చక్కెర మితిమీరి పేరుస్తోందని ఆ ఒక్కదాన్నీ కత్తిరించేశారు. 2020లో అమెరికాలో అనుమతి పొందిన మైగ్రేన్ మందు ఎప్టినెజుమాబ్‌దీ ఇదే బాట. పిచియాలో పుట్టే ఈ యాంటీబాడీలో 297వ ఆస్పరజిన్ స్థానంలో అలనిన్ పెట్టారు. చక్కెర లేని యాంటీబాడీ రోగనిరోధక కణాలను సరిగా పిలవలేదు. మైగ్రేన్‌లో ఆ పిలుపుతో పనిలేదు.

ఈస్ట్‌నే మార్చేద్దామన్నవాళ్లూ ఉన్నారు. టిల్‌మన్ గెర్న్‌గ్రాస్ సహస్థాపకుడిగా ఉన్న గ్లైకోఫై కంపెనీ పిచియాలో 4 జన్యువులు తొలగించి, బయటివి 14 చేర్చింది. ఆ ఈస్ట్ చేసిన ఎరిత్రోపోయిటిన్ గొలుసుల్లో 90 శాతానికి పైగా సైయాలిక్ ఆమ్లంతో ముగిశాయని 2006లో ప్రకటించింది. అదే ఏడాది మెర్క్ ఆ కంపెనీని సుమారు 40 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. నా లెక్కలో ఈ రంగంలో ఇంతకంటే సాహసం లేదు. కానీ ఆ ఈస్ట్‌తో చేసిన రక్తహీనత మందును మెర్క్ 2010లో పక్కన పెట్టేసింది. ఎరిత్రోపోయిటిన్ ఇప్పటికీ ప్రధానంగా హామ్‌స్టర్ కణాలదే.

ఇంకో చిక్కుంది. ఈస్ట్ సెరిన్, థ్రియోనిన్‌ల మీద కూడా నేరుగా మానోజ్ అంటిస్తుంది, దానికి స్థిరమైన గుర్తేమీ లేదు. గుర్తు లేనప్పుడు కత్తిరించాల్సింది ఏదో చెప్పలేం. పిచియా ఇన్సులిన్‌లోనూ మానోజ్ అంటిన అణువులు కొన్ని వస్తాయి. వాటిని శుద్ధి దశలో వడకట్టి తీసేయాల్సిందే. లేదంటే ఇలా నేరుగా మానోజ్ అంటించే ఎంజైమ్ జన్యువులను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. అన్నీ తీసేస్తే ఈస్ట్ బతకదు.