కౌమార పాఠంలో ప్రేమ మాటెత్తరేం?

గొంతు మారడం, నెలసరి, మొటిమలు, హార్మోన్లు... కౌమార దశ గురించి మన సైన్సు పాఠాలు దాదాపు ఇక్కడితో ఆగిపోతాయి. ఎవరైనా నచ్చితే ఏం చేయాలి? వాళ్లు వద్దంటే ఎలా తట్టుకోవాలి? ఆ వయసులో పిల్లలను వేధించే ఈ ప్రశ్నలకు పాఠంలో జవాబు ఉండదు. ఆ ఖాళీని సినిమా, ఫోను నింపుతున్నాయి. అమ్మాయి ఒప్పుకునేదాకా వెంటపడటమే ప్రేమని తెర మీద చూసిన కుర్రాడికి, అది చట్టం దృష్టిలో నేరమని చెప్పేవారు లేరు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. మన సంస్కృతికి సరిపడదంటూ 2007లో పలు రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో మానవ సంబంధాలూ ఒకటి. దాన్ని బోధించడానికి బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలి.

చెబితే పిల్లలు చెడిపోతారన్నది పెద్దల భయం. లైంగిక విద్య వల్ల పిల్లల్లో లైంగిక చర్యలు పెరగవని అనేక అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో స్పష్టం చేసింది. చెప్పకపోతేనే నష్టం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమ్మతి చెల్లదు. ఇష్టపడి దగ్గరైనా కేసు పడవచ్చు. మైనర్ల అశ్లీల చిత్రాలను ఫోనులో దాచుకోవడంపై 2024 సెప్టెంబరులో తీర్పిస్తూ, సమగ్ర లైంగిక విద్య అవసరాన్ని సుప్రీంకోర్టు గుర్తుచేసింది.

అలాగని చట్టం పేరుతో భయపెడితే అది పాఠం కాదు. 'నమ్మకముంటే పాస్‌వర్డ్ చెప్పు', 'వాళ్లతో మాట్లాడొద్దు', 'ప్రేముంటే ఫొటో పంపు' వంటి మాటలను తరగతి ముందుంచి, ఇందులో ప్రేమ ఎంత, పెత్తనం ఎంత అని అడగాలి. వద్దు అంటే వద్దనే అర్థమనీ, మౌనం ఒప్పుకోలు కాదనీ, కాదనిపించుకోవడం అవమానం కాదనీ అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపే చెప్పాలి.

మిగతా సగం ఇంట్లో జరగాలి. ఎవరో మెసేజ్‌లు పెడుతున్నారని కూతురు చెప్పగానే ఫోను లాక్కుని, చదువు మాన్పిస్తే, రేపు నిజంగా ప్రమాదం వచ్చినా ఆమె నోరు విప్పదు. ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకు చైల్డ్‌లైన్ 1098 ఉంది. కానీ వాళ్లు ముందుగా చెప్పుకోవాల్సింది అమ్మానాన్నలకే. ఆ ధైర్యం పిల్లలకు ఇవ్వాల్సింది పెద్దలే.