బీరువాకు గోడ తోడు

పిల్లలూ! నిచ్చెన అంటే ఏమిటో మీకు తెలుసు. కాని మూడేళ్ల పిల్లవాడికి మెట్లలాగా కనిపించేదల్లా నిచ్చెనే. ఎన్నో ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఈ పాఠం మా మనమడు నేర్పాడు.

ఒక సంక్రాంతికి మా అమ్మాయి కొడుకును తీసుకుని వచ్చింది. మేము అప్పుడు అద్దె ఇంట్లో ఉన్నాము. పడకగదిలో నాలుగు సొరుగుల కొయ్య బీరువా ఉండేది. పిల్లవాడికి అందకూడదని అరిసెల డబ్బా దానిపైన పెట్టాము. వాడు కింది సొరుగు లాగాడు. దానిపైది లాగాడు. మూడోది కూడా లాగి, కింది సొరుగులో కాలు పెట్టి ఎక్కాడు. బీరువా ముందుకు ఒరిగింది. అదృష్టం కొద్దీ ఎదురుగా మంచం ఉన్నది. బీరువా మంచం పట్టెకు ఆనుకుని ఆగిపోయింది. మేము పరుగున వెళ్లేసరికి వాడు ఆ సందులో కూర్చుని ఏడుస్తున్నాడు. ఆ రోజు మంచం మరొక గోడ పక్కన ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఈనాటికీ నా గుండె ఝల్లుమంటుంది.

అంత బరువైన బీరువా పసివాడికి ఎలా లొంగింది? మీరే చేసి చూడండి.

మూడు ఖాళీ అగ్గిపెట్టెలను పడుకోబెట్టి, ఒకదానిమీద ఒకటి జిగురుతో అంటించండి. మూడు సొరుగుల చిన్న బీరువా తయారైంది. ప్రతి సొరుగులోనూ ముందు చివర ఒక అయిదు రూపాయల బిళ్ల పెట్టండి. ఒక్క సొరుగు సగం వరకు లాగండి. బీరువా నిలబడే ఉంటుంది. ఇప్పుడు దానిని గోడ పక్కనున్న లావుపాటి పుస్తకం మీద, పుస్తకం ముందు అంచుకు సరిగ్గా వచ్చేలాగా పెట్టి, మూడూ సగం వరకు లాగండి. బీరువా బోర్లా పడుతుంది!

ప్రతి వస్తువుకూ, దాని బరువంతా ఒక్కచోట చేరినట్టుండే బిందువు ఉంటుంది. దానిని గరిమనాభి అంటారు. అది వస్తువు ఆనుకున్న చోటికి పైన ఉన్నంతసేపూ వస్తువు నిలబడుతుంది. సొరుగులు తెరిచినకొద్దీ గరిమనాభి ముందుకు జరుగుతుంది. ముందు అంచు దాటిందా, ఇక పడిపోవటమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 60 కిలోల బీరువా ఒకటి ఉన్నదనుకోండి. ఎత్తు 6 అడుగులు, అంటే 72 అంగుళాలు. లోతు 18 అంగుళాలు. దాని బరువు మధ్యలో, అంటే ముందు అంచుకు 9 అంగుళాల వెనక ఉంటుంది. 60ని 9తో గుణిస్తే 540. దానిని 72తో భాగిస్తే ఏడున్నర. అంటే తలుపులు మూసి ఉన్నా సరే, పై అంచు పట్టుకుని ఏడున్నర కిలోల బలంతో లాగితే చాలు, 60 కిలోల బీరువా ఒరగటం మొదలుపెడుతుంది!

ఈ లెక్కలోనే ఉపాయం కూడా ఉన్నది. పైన కొద్ది బలంతో పడేది, పైన కొద్ది బలంతో పట్టితే నిలుస్తుంది. మీ అగ్గిపెట్టెల బీరువా పైభాగానికి ఒక కాగితపు ముక్క అంటించి, దాని రెండో చివరను వెనక ఉన్న గోడకు అంటించండి. జిగురు ఆరాక మూడు సొరుగులూ లాగండి. పడదు!

మరునాడే ఇంటివారి దగ్గరికి వెళ్లాను.

"నిరుడే రంగు వేయించాను మాస్టారూ! గోడకు చిల్లులు పెడితే ఎట్లాగండీ?" అన్నారాయన.

నేను జేబులోంచి అగ్గిపెట్టెలు తీసి, చేసి చూపించాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "ఎన్ని చిల్లులు?" అని అడిగారు.

"రెండే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేనే పూడ్పించి, రంగు వేయిస్తాను," అని కాగితం మీద రాసి ఇచ్చాను.

వడ్రంగి వచ్చి గంటలో పని ముగించాడు. స్విచ్చిబోర్డుకు పైనా కిందా గోడలో తీగలుంటాయి గనక, ఆ వరుస వదిలిపెట్టాడు. పైపూత మాత్రమే పట్టుకుంటే మేకు ఊడి వస్తుంది. అందుకని పూత దాటి ఇటుకలోకి వెళ్లేలాగా చిల్లులు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దిగగొట్టాడు. ఎల్ ఆకారపు ఇనప క్లాంపులను ప్లగ్గులలోకి స్క్రూలతో బిగించాడు. వాటి రెండో కొసను బీరువా వెనకవైపు పల్చటి రేకుకు కాక, పైనున్న గట్టి చెక్కకు బిగించాడు. ఆ వారంలోనే ఇంటివారు అదే వడ్రంగిని తమ వాటాకు కూడా పిలిపించుకున్నారు. మూడేళ్ల తరువాత ఇల్లు మారినప్పుడు మా చిల్లులు పుట్టీతో పూడ్పించి రంగు వేయించాము. అవి ఎక్కడ ఉండేవో నాకే కనిపించలేదు.

ఇది మన ఊళ్ల చిక్కు మాత్రమే కాదు. భూకంపాలు తరచు వచ్చే న్యూజిలాండులో, 2021 నుంచి అద్దెకున్నవారు సామాను గోడకు బిగించుకుంటామని రాసి అడిగితే, ఇంటివారు 21 రోజులలో జవాబు చెప్పాలి. చిన్న పనే అయితే కాదనటానికి వీల్లేదు. అమెరికాలో 2023 సెప్టెంబరు నుంచి, తయారయే బట్టల సొరుగుల బీరువాలు 27 అంగుళాలూ, అంతకు మించీ ఎత్తుంటే, ఒరగకుండా నిలుస్తాయో లేదో పరీక్షించి తీరాలి.

మీ ఇంటివారు ఒప్పుకోకపోతే? గోడకు అంటించే పట్టీలను నమ్మకండి; సున్నమూ రంగూ పెళ్లలతో సహా ఊడి వస్తాయి. బరువైనవన్నీ కింది అరలో పెట్టండి. పైన టీవీ గాని, బొమ్మలు గాని, మిఠాయి డబ్బా గాని ఉంచకండి. సొరుగులకు తాళం వేయండి. మరొకసారి మర్యాదగా అడిగి చూడండి.

పిల్లలూ, గోడకు చిల్లులు వేయటం పెద్దల పని. మీ పని వేరే ఉన్నది. ఇవాళ సాయంకాలం నాన్నగారితో కలిసి ఇంట్లోని ఎత్తయిన సామానునంతా చూడండి. ఏది కదులుతున్నదో గుర్తు పెట్టండి. అగ్గిపెట్టెల ప్రయోగం అమ్మకు చేసి చూపించండి. మీ చెల్లాయో, తమ్ముడో సొరుగు మీద కాలు పెట్టకముందే ఈ పని ముగించండి.