ధనుర్మాసపు పురిటిల్లు

చిత్తకార్తె కుక్కలను గూర్చిన మాట తెలుగునాట ఎరుగనివారు లేరు. దానిని పరిహాసమునకో తిట్టుకో వాడువారే గాని, అందులో ఒక లెక్క ఇమిడియున్నదని తలచువారు తక్కువ. చిత్తకార్తె అక్టోబరు రెండవ, మూడవ వారములలో వచ్చును. కుక్క చూలు మోయు కాలము సుమారు 63 దినములు. ఈ రెండింటిని కలిపి చూచినచో ఈనుకాలము డిసెంబరు నడిమికి, అనగా ధనుర్మాసపు వాకిటికి వచ్చి నిలుచును. ముంగిళ్లలో ముగ్గులును గొబ్బెమ్మలును వెలయు దినములలోనే, అరుగుల క్రిందను, తూములలోను, గడ్డివాముల మొదళ్లయందును సన్నని కూతలు వినవచ్చుట యాదృచ్ఛికము కాదు. కార్తెలను బట్టి సేద్యము చేసిన పల్లెవాడు దీనిని ఏనాడో గమనించినాడు. వీధికుక్కల జీవితమును పరిశీలించిన నేటి శాస్త్రజ్ఞులును, ఈ దేశమున అవి ఎక్కువగా చలికాలముననే ఈనుచున్నవని వ్రాసిరి.

ఆ కూతలలో ఎన్ని పెద్దవగునో! పశ్చిమ బెంగాలులోని ఏడు తావులలో ఐదేండ్లపాటు సాగి, 2016 లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 95 ఈతలలో పుట్టిన 364 పిల్లలను గణించిరి. పెరిగి, తామును పిల్లలను కనదగిన వయస్సు వరకు బ్రదికినవి నూటికి దాదాపు 19 మాత్రమే. మరణములలో నూటికి 63 ఏదో యొక విధమున మనుష్యుని ప్రమేయముతో కలిగినవే. మనుష్యుని చేయి చావునకు ఇంతగా కారణము కాగలిగినపుడు, బ్రదుకునకు కొంతయైనను కారణము కాకూడదా అను ప్రశ్న సహజముగ పుట్టును. దానికి సమాధానము పెద్ద ధనముతోగాని పాండిత్యముతోగాని కూడినది కాదు. పొడిచోటు, గాలిమరుగు, పిడికెడు వెచ్చదనము. తొలి రెండు వారములు ఇవి కుదిరిన చాలును.

అప్పుడే పుట్టిన కుక్కపిల్ల కన్ను తెరువదు, చెవి వినదు. కన్నులు విచ్చుటకు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. చెవులు ఆ వెనుక తెరచుకొనును. ఈ సంగతి చాలమందికి తెలిసినదే. తెలియనిది మరియొకటి కలదు. తన దేహమును తాను వెచ్చగా నుంచుకొను శక్తియు దానికి అప్పటికి రాలేదు. పెరిగిన కుక్క దేహోష్ణత 38 మొదలు 39 డిగ్రీల సెంటిగ్రేడు. పిల్లకు తొలివారమున 35 మొదలు 37 డిగ్రీలే. అదియు చుట్టునున్న వేడిని బట్టి హెచ్చుచు తగ్గుచుండును. వణకుట బలహీనతకు గుర్తని లోకము తలచును. నిజమునకు వణకు అనునది కండరములు వేడిని పుట్టించుటకై చేయు శ్రమ. తొలిదినముల కుక్కపిల్లకు ఆ వణకుటయు చేతకాదు. అది చలికి వణకకుండ, మెల్లగా మౌనముగ చల్లబడిపోవును. చూచువారు నిదురించుచున్నదని అనుకొందురు.

చిన్నదేహము వేగముగ చల్లబడుటకు కారణమును ఉపాధ్యాయులు తరగతిలో సులభముగ చూపవచ్చును. కాగులోని వేడినీరు జాముసేపు వేడిగానే ఉండును. అందుండి గరిటెడు తీసి పళ్లెములో పోసినచో నిమిషములలో చల్లారును. లోపలి పరిమాణము తక్కువై, గాలికి తగులు పైభాగము ఎక్కువైనపుడు వేడి త్వరగా పారిపోవును. కుక్కపిల్ల పళ్లెములోని గరిటెడు నీటివంటిది. చర్మము క్రింద క్రొవ్వు లేదు, బొచ్చు పలుచన, పుట్టినపుడు ఒడలంతయు తడి. తడి ఆరునపుడు వేడిని తనతో గొనిపోవును గనుక, తల్లి నాకి ఆరబెట్టని పిల్లను మెత్తని పొడిగుడ్డతో తుడుచుట మొదటి ఉపకారము.

ఇట చాలమంది ఒక పొరపాటు చేయుదురు. చలి యనగా ఆదిలాబాదు మన్యమో, మంచు గడ్డకట్టు లంబసింగియో గుర్తునకు వచ్చును. కోస్తాలో చలి ఎక్కడిదని అందురు. కాని తొలివారమున పిల్లలు పడుకొను చోట ఉండవలసిన వేడిమి 29 మొదలు 32 డిగ్రీలు. కృష్ణాతీరమున డిసెంబరు రాత్రి 18 డిగ్రీలకు దిగినచో మనుష్యునికది హాయి. కప్పుకొనుటకొక దుప్పటి చాలును. కుక్కపిల్లకు అది కావలసినదానికంటె పది డిగ్రీలకు పైగా తక్కువ. ఆపైన సిమెంటు గచ్చు మీద పడుకొన్నదా, క్రిందినుండియు వేడిని నేల లాగివేయును. కాబట్టి విజయవాడ డాబాయింటి వసారాలో పుట్టిన పిల్లకును చలికాలము చలికాలమే.

తల్లికి ఈ శాస్త్రమంతయు ఎవరు చెప్పిరి? ఈనుటకు కొన్ని దినముల ముందునుండియే అది చోటు వెదకుకొనును. నేల గీరును, గుడ్డలు చింపి పోగుచేయును. పల్లెలో దానికి ప్రియమైన తావు గడ్డివాము. వాము మొదట గాలి తగులని వైపున గొయ్యివలె తొలచి అందు ముడుచుకొనును. ఎండిన వరిగడ్డి పోచలలోపలను పోచల నడుమను గాలి చిక్కుకొని కదలక నిలుచును. నిలిచిన గాలి వేడిని దాటనీయదు. కంబళి చేయు పనియు ఇదియే. పొయ్యి చల్లారిన వెనుక బూడిదలో కుక్క పడుకొనుట చూచి నవ్వు గృహిణులు, దాని తెలివిని మెచ్చుకొనినను తప్పు లేదు. వాములు కరవై, మట్టిఅరుగులు పోయి, వీధులన్నియు సిమెంటు పరచుకొన్న పట్టణములలో ఆ తల్లి తెలివికి సాధనము లేదు. అక్కడనే మనుష్యుని సాయము కావలసివచ్చును.

ఇంట పెంచుకొను కుక్కకైనచో పురిటిల్లును పదిదినముల ముందే సిద్ధపరచి, దానికి అలవాటు చేయవలెను. నొప్పులు మొదలైన వెనుక క్రొత్తచోటికి ఈడ్చుకొనిపోయినచో అది నిలువదు. ఊరకుక్కయంత తల్లికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చెక్కపెట్టె చాలును. తల్లి కాళ్లు బారచాచి పడుకొనగా ఇంకను కొంత చోటు మిగులవలెను. మరీ విశాలమైనచో పిల్లలు దూరముగ పోయి తల్లిని కనుగొనలేవు. ప్రక్కగోడలు అడుగున్నర ఎత్తు. వాకిటికి ఐదారంగుళాల గడప ఉండవలెను. తల్లి దాటగలదు, పిల్లలు దొర్లిపోవు. పెట్టెను నేలపై ఆనింపక ఇటుకలమీద నిలుపవలెను. లోపల గోడలవెంబడి, గోడకు మూడునాలుగంగుళాల ఎడముగ, నేలకు అంతే ఎత్తున ఒక కర్రకమ్మి చుట్టును బిగించుట మంచిది. తల్లి గోడకు చేరగిలబడినపుడు వెనుక చిక్కిన పిల్ల నలిగిపోకుండ ఆ సందు కాపాడును. చలికి తల్లిని మరింత అంటిపెట్టుకొను పిల్లలకే ఈ ప్రమాదము ఎక్కువ.

పరుపు సంగతి. అడుగున పాతవార్తాపత్రికలు దళసరిగ పరచవలెను. అవి తేమను పీల్చును, మాటిమాటికి మార్చుటకు సులువు. (ఆదివారపు అనుబంధమునకు చదివిన పిదప కలుగు సద్గతులలో ఇదియు నొకటి.) వానిపై ఉతికి ఎండబెట్టిన గోనెపట్టా, దానిపై మెత్తని దళసరి గుడ్డ. పోగులు వ్రేలాడు చీరపేలికలు వలదు. పిల్లల కాళ్లకును మెడలకును చుట్టుకొనును. ఊకయు, రంపపుపొట్టును ముక్కులలోనికి పోవును గనుక తొలిదినములలో పనికిరావు. వరిగడ్డి వాడువారు బాగుగ ఎండినదానిని చూచి వాడవలెను. క్రొత్తకోత గడ్డిలో చెమ్మ దాగియుండును. పెట్టెమీద సగముమేర గోనె కప్పినచో లోపలి వేడి నిలుచును. పూర్తిగ మూసివేయరాదు.

వేడినిచ్చు విధమున జాగ్రత్త ఎక్కువ కావలెను. బాలింత మంచము క్రింద కుంపటి పెట్టుట పాత అలవాటు. అదే ఉపాయము కుక్కకును చేయబోయి తలుపులు మూసిన గదిలో బొగ్గులకుంపటి పెట్టువారు కలరు. రగులు బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడును. దానికి వాసన లేదు, రంగు లేదు. గడ్డి చెంత నిప్పు అన్న ప్రమాదము దీనికి తోడు. కుంపటిని మరచిపోవుటే మేలు. అరువది వాట్ల పాతకాలపు బల్బును పెట్టెకు ఒకమూల రెండడుగులకు పైగా ఎత్తున, తీగ తల్లి పంటికి అందకుండ కట్టవచ్చును. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములు ఈ పనికి రావు. అవి వెలుగునిత్తురే గాని వెచ్చదనమీయవు అని బల్బు కొనువేళ గుర్తుంచుకొనవలెను. కరెంటు లేనిచోట సీసాలో వేడినీరు నింపి, బిరడా గట్టిగ బిగించి, రెండుమూడు మడతల గుడ్డ చుట్టి పెట్టవలెను. చల్లారిన సీసాను వెంటనే తీయవలెను. లేనిచో అదియే పిల్లల వేడిని లాగుకొనును.

ఏ సాధనమైనను పెట్టెలో ఒక్క ప్రక్కనే ఉండవలెను. తల్లికి అంత వేడి సరిపడదు; ఉక్కపోసినచో అది పిల్లలను విడిచి లేచిపోవును. ఒకవైపు వెచ్చన, ఒకవైపు చల్లన అయినపుడు పిల్లలు తమంతట ప్రాకి తమకు తగిన చోటు చేరుకొనును. పిల్లల యెత్తున ఒక ఉష్ణమాపకమును వ్రేలాడదీయుట మంచిదే గాని, పిల్లలే అంతకంటె మంచి మాపకములు. ఒకదానిపై నొకటి గుట్టగ పడి ఏడ్చుచున్నచో చలి. ఎడమెడముగ చెదరి, నోరు తెరచి రొప్పుచున్నచో వేడి ఎక్కువ. ప్రక్కప్రక్కన పడుకొని, నిదురలో కాళ్లును పెదవులును ఉలికించుచు కూత లేకుండ నున్నచో అంతయు కుదిరినట్లు. ఆ ఉలికిపాటును జబ్బని భ్రమింపరాదు. అది ఆరోగ్యమైన నిదుర.

ఇంత చేసినను ఒక తెల్లవారుజామున ఒకపిల్ల వేరుగ పడి, చేతికి చల్లగ తగులవచ్చును. తల్లి దానిని ముక్కుతో ప్రక్కకు నెట్టివేయును. కన్నతల్లికి ఇంత కాఠిన్యమా అని ఇరుగుపొరుగు ఆడిపోసికొందురు. చల్లబడిన దేహమును తల్లి జీవము లేనిదిగ ఎంచును. వెచ్చబడి తిరిగి వచ్చిన పిల్లను అదే తల్లి పొదుగునకు చేర్చుకొనుట తరచుగ జరుగును. ఇక్కడ జాలిగుండెగలవారు చేయు తొలిపనియే ప్రాణాంతకము: నోటిలో పాలు పోయుట. దేహోష్ణత 34 డిగ్రీలకు దిగినచో పిల్ల ప్రేవులు కదలవు, చప్పరించు శక్తియు పోవును. పోసినపాలు అరుగక నిలిచిపోవును, లేదా ఊపిరితిత్తులలోనికి జారును. మొదట వెచ్చచేయవలెను, పిదపనే పాలు. వెచ్చచేయుటయు మెల్లగానే. చొక్కాలోపల ఒంటికి అదుముకొని గంటో రెండుగంటలో కూర్చుండుటకంటె మంచి మార్గము లేదు. పిల్ల కదలి, వ్రేలు పెట్టిన చప్పరించినపుడు తల్లి రొమ్మునకు అందింపవలెను. తల్లి లేనిచో పశువైద్యుని సలహా కావలెను. ఆవుపాలలో కుక్కపాలలో నున్న క్రొవ్వును మాంసకృత్తులును సగమైన నుండవు. బాగుగ పెరుగు పిల్ల ఏడు మొదలు పది దినములలో పుట్టినప్పటి బరువునకు రెట్టింపగును. పచారీ త్రాసు దినమునకొకసారి ఈ కథ చెప్పగలదు.

వీధితల్లి విషయము వేరు. దానికి పెట్టె కట్టి లోనికి రమ్మని పిలిచిన రాదు. అది ఎంచుకొన్న తావునే బాగుచేయవలెను: గాలి వచ్చువైపు అట్టయో రేకో అడ్డము పెట్టుట, అది ఆహారమునకై పోయినపుడు క్రింద గోనెపట్టాలు వేయుట, దగ్గరలో అన్నమును నీటిని ఉంచుట. బాలింతకుక్క కరచుటకు వెనుదీయదు. కావున పిల్లలు తమంతట చేయక పెద్దలవెంట చేయవలెను. ఒకవేళ కరచినచో గాయమును సబ్బుతో, ధారగ పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, జాగుచేయక ఆస్పత్రికి పోవలెను. రేబిస్ టీకాకు పసరుమందు ప్రత్యామ్నాయము కాదు.

బడిపిల్లలు చేయు అపకారమొకటి కలదు. అదియు ప్రేమతోనే చేయుదురు. కన్ను తెరవని పిల్లను సంచిలో పెట్టుకొని ఇంటికి గొనిపోవుదురు. పాలు పట్టుదురు, పేరు పెట్టుదురు, మూడవనాటికి అది ఉండదు. వీధిలో తల్లి రెండుదినములు వాకిళ్లవెంట తిరుగును. ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున, దెబ్బతిన్న తన బిడ్డకై జనమేజయుని యెదుటికి వచ్చి నిలిచిన తల్లికుక్క సరమ కథను తరగతిలో చదివినవారే ఈ పని చేయుట వింత. ఆ పిల్లను పెంచుకొనవలెనని ఉన్నచో ఎనిమిది వారములు ఆగవలెను. అంతవరకు దాని పేరును మనస్సులో పెట్టుకొనవచ్చును.

ధనుర్మాసారంభమున పుట్టిన పిల్లలకు భోగినాటికి నాలుగు వారములు నిండును. అప్పటికి వణకుట వచ్చును, బొచ్చు దట్టమగును, దేహము తన వేడిని తాను నిలుపుకొనును. గడప దాటి, తడబడు కాళ్లతో ముంగిలిలోనికి వచ్చును. భోగిమంట చల్లారిన తావున వెచ్చని బూడిదవైపు నడుచును గనుక, అడుగున నిప్పు మిగిలినదేమో చూచుటకు ఆ ఉదయమొకరు కావలి ఉండవలెను. పెట్టెలోని గోనెపట్టాలను ఇక ఎండలో ఆరవేయవచ్చును.