లోపలి ఫోల్డరు ఏల ఖాళీగా వచ్చును?

కంప్యూటరు ప్రోగ్రాము ఒక్కనాటితో ముగియు పని కాదు. నేడు ఒక పంక్తి చేరును, రేపు ఒకటి పోవును. ఈ మార్పులను వరుసగా భద్రపరచి, కోరినప్పుడు వెనుకటి రూపమును చూపు సాధనములలో మిక్కిలి వ్యాప్తి గాంచినది గిట్. లినక్స్ కెర్నెల్ నిర్మాణమునకై లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005లో రచించెను.

గిట్‌లో మార్పులను నమోదు చేయుటను కమిట్ అందురు. మొదట ‘గిట్ యాడ్’ అను ఆజ్ఞతో ఫైళ్లను ఎన్నుకొని, పిదప ‘గిట్ కమిట్’ అనవలెను. ఈ చరిత్ర యంతయు ప్రాజెక్టులోని ‘.గిట్’ అను మరుగు ఫోల్డరులో నిలువయుండును. ఇది ప్రాజెక్టు యొక్క చిట్టా పుస్తకము వంటిది. లోపల ఎన్ని ఫోల్డరులున్నను సాధారణముగా ఈ ఒక్క పుస్తకమే చాలును.

ఒక విద్యార్థి ‘లెక్కలు’ అను తన ప్రాజెక్టులోనికి మిత్రుని ‘పటములు’ అను ప్రాజెక్టును నకలు చేసెననుకొందము. దానితోపాటు దాని ‘.గిట్’ కూడ వచ్చును. అప్పుడు వెలుపలి గిట్ ‘పటములు’ను పరాయి ప్రాజెక్టుగా నెంచి, అందలి ఫైళ్లను విడిచి, దాని కడపటి కమిట్ గుర్తును మాత్రమే వ్రాసికొనును. సామానుల జాబితాలో ‘పెట్టె ఒకటి’ అని వ్రాసి, పెట్టెలోని వస్తువులను వ్రాయకుండుట వంటిదే ఇది.

కమిట్ సఫలమైనట్లే కనిపించును. కాని ఉపాధ్యాయుడు ప్రాజెక్టును తన కంప్యూటరులోనికి క్లోన్ చేసికొనగా ‘పటములు’ ఖాళీగా వచ్చును. ఈలోగా విద్యార్థి కంప్యూటరు చెడినచో, ఆ ఫోల్డరులో అతడు చేసిన పని యంతయు పోవును. లోపలి ఫైలును మార్చి వెలుపలనుండి ఎన్నిమారులు ‘గిట్ యాడ్’ అన్నను ఆ మార్పు నమోదు కాదు. 2017 నుండి గిట్ ఇట్టి ఫోల్డరును చేర్చునప్పుడు హెచ్చరిక చేయుచున్నది. పెక్కుమంది దానిని చదువకయే సాగిపోవుదురు.

లోపమును కనుగొనుట సులభము. ‘గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ --స్టేజ్’ అన్నచో మామూలు ఫైళ్లకు 100644 అనియు, ఇట్టి ఫోల్డరునకు 160000 అనియు సంఖ్య కనిపించును.

సవరణకు మార్గములు రెండు. లోపలి చరిత్ర అక్కరలేనిచో, ముందుగా ప్రాజెక్టునంతను వేరొకచోట నకలు తీసి యుంచవలెను. తరువాత ‘గిట్ ఆర్‌ఎం --క్యాష్డ్ పటములు’ అని, లోపలి ‘.గిట్’ను తొలగించి, ఫోల్డరును మరల చేర్చి కమిట్ చేయవలెను. పొరపాటున వెలుపలి ‘.గిట్’ను తొలగించినచో ప్రాజెక్టు చరిత్రయే నశించును. లోపలి చరిత్ర కావలసినచో దానిని సబ్‌మాడ్యూలుగా చేర్చవలెను. అప్పుడు లోపల మొదట కమిట్ చేసి పంపి, పిదప వెలుపల కమిట్ చేయవలెను.

గిట్ ఫైళ్లనే గాని ఖాళీ ఫోల్డరులను నమోదు చేయదు. అట్టి ఫోల్డరు కావలసినచో అందులో ఒక చిన్న ఫైలు నుంచిన చాలును.

కమిట్ జరిగినదను సందేశమును చూచి తృప్తిపడరాదు. ప్రాజెక్టును వేరొక చోటికి క్లోన్ చేసి, లోపలి ఫోల్డరులను తెరచి చూచినప్పుడే ఏది నమోదైనదో, ఏది కాలేదో నిశ్చయముగా తెలియును.